కింది పోర్షన్, పై పోర్షన్, మధ్యలో వడ్డాణం

ముందుగా ప్రమాణం చేస్తున్నాను. నా రెండు కళ్ళ మీద, నేను వెంకన్నకు మొక్కుకున్న తలనీలాల మీద (ఇప్పుడవి లేవు, మొక్కుకున్న నాడు దండిగా ఉండేవి), ఇంకా నమ్మకం కుదరకపోతే ఇరవై ఏళ్ళుగా నాతో కాపురం చేస్తున్న నా టేబుల్ ఫ్యాను మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ మాట దగ్గరే పుస్తకం మూసి నవ్వుతారని తెలుసు. నవ్వుకోనివ్వండి. నవ్వు అయ్యాక మళ్ళీ తెరవండి, నేనెక్కడికీ పోను.

ఉద్యమం ఊపు మీదున్న రోజులు. నేను ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం వైపు పోయే దారిలో, ఒక కాలనీలో, డాబా మీది ఒంటి గదిలో ఉండేవాణ్ణి. ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ చెప్పడం. ఒకడు ఎప్పుడూ నిజమే చెబుతాడు, ఇంకొకడు ఎప్పుడూ అబద్ధమే చెబుతాడు, ఇద్దరిలో ఎవరెవరో కనుక్కోండి అనే తరహా లెక్కలన్నమాట. అందులో నాకు మంచి పేరుండేది. బంద్ పిలుపు వచ్చిన రోజున సెంటర్‌కు తాళం పడేది. ఆ ఏడాది సెంటర్ తెరిచిన రోజులకంటే తాళం వేసిన రోజులే నాకు ఎక్కువ గుర్తు.

పెళ్ళికాని మగవాడికి ఆ కాలనీలో గది ఇచ్చేవారు కాదు. అందుకని పెళ్ళి కుదిరిందని, వచ్చే శ్రావణంలోనే ముహూర్తమని చెప్పి చేరాను. ఆ శ్రావణం వచ్చింది, పోయింది. ఇంటి పెద్దమ్మ అడిగినప్పుడల్లా ఆడపెళ్ళివాళ్ళు బయల్దేరారనీ, బంద్ వల్ల బస్సు సూర్యాపేటలోనే ఆగిపోయిందనీ చెప్పేవాణ్ణి. మూడేళ్ళలో లేని పెళ్ళిని అయిదుసార్లు వాయిదా వేశాను. ఉద్యమం నాకు చేసిన సాయం అంతా ఇంతా కాదు.

పెద్దమ్మ అంటే ఇంటి యజమానురాలు. కాలనీ మొత్తం ఆమెను అలాగే పిలిచేది. అరవై దాటిన మనిషి, అక్కడి పాత ఊరివాళ్ళు. కాలనీ కట్టకముందు అదంతా వాళ్ళ జొన్నచేను. "గీ నీ మెట్లున్న కాడ మా బాయి ఉండె. జర పైలంగ దిగు" అనేది నేను మెట్లు దిగుతుంటే. పూడ్చిన బావిలో నేనెక్కడ పడిపోతానోనని ఆమెకు నిజంగానే బెంగ.

పెద్దమ్మ కింద ఉండేది. మధ్య అంతస్తులో తెనాలి వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆయన ఒక మందుల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగేవాడు. ఆవిడ ఇంటి పట్టునే ఉండి బ్లౌజులు కుట్టేది. ఒక్కతే కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం. పదకొండేళ్ళుగా అదే పోర్షన్‌లో ఉన్నారు. ఆ పిల్ల ఎత్తు పెరిగిన గుర్తులు కింది నుంచి పైదాకా వాళ్ళ వంటింటి తలుపు మీద పెన్సిలుతో గీసి ఉండేవి. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. నాది కోదాడ దాటాక వచ్చే సరిహద్దు ఊరు. కింద పెద్దమ్మ దగ్గర ఏందంటే ఏంది, మధ్యలో చెల్లెమ్మ దగ్గర ఏంటంటే ఏంటి. పదహారు మెట్లలో భాష మార్చుకోవడం నాకు చొక్కా మార్చుకున్నంత సులువు.

నేను సీరియళ్ళు చూసే రకం కాదు. అందుకే టీవీ కొనలేదు. టీవీ లేదు కాబట్టి రోజూ సాయంత్రం ఏడున్నరకు పెద్దమ్మ హాల్లో కూర్చునేవాణ్ణి. అక్కడ సోఫాలో పెద్దమ్మ, ఇంట్లో టీవీ ఉన్నా కబుర్ల కోసం కిందికి దిగి చాప మీద కూరగాయలు తరుగుతూ చెల్లెమ్మ, వెనక ప్లాస్టిక్ కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని నేను. పేపరుకు సరిగ్గా కళ్ళ ఎదురుగా చిన్న చిరుగు ఉండేది. అది తానంతట అదే చిరిగింది.

ఆ సీరియల్ పేరు చెప్పను. ఒక బంగళా, అందులో ఒక అత్తగారు, నలుగురు కోడళ్ళు, ఒక పనిమనిషి. అత్తగారి వజ్రాల వడ్డాణం పోయింది. ఎవరు తీశారన్నది ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి వాళ్ళకు మూడు వారాలు పట్టింది. అత్తగారు "వడ్డాణం!" అనగానే ఉరుము ఉరిమేది. పెద్దకోడలి ముఖం, మళ్ళీ ఉరుము. రెండో కోడలి ముఖం, మళ్ళీ ఉరుము. నాలుగో కోడలి దాకా వచ్చేసరికి ప్రకటనలు. మా కాలనీలో ఆ ఏడాది వానల్లేవు గానీ ఉరుములకు కొదవ లేదు.

పనిమనిషే తీసిందనేవాళ్ళు, కాదనేవాళ్ళు అని కాలనీ కాలనీ రెండుగా చీలింది. రోజు విడిచి రోజు కృష్ణా నీళ్ళు వచ్చే పొద్దున కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లిపోతున్నా పట్టించుకునే నాథుడు లేడు. చాయ్ దుకాణం ముందు మగవాళ్ళు రాష్ట్రం వస్తుందా రాదా అని గట్టిగా వాదించుకుంటూ, ఎవరూ వినడం లేదని తేలాక గొంతు తగ్గించి, "మూడో కోడలేనంటవా?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. నేను ఇవన్నీ విని, ఇక్కడి మాట అక్కడా అక్కడి మాట ఇక్కడా చేరవేసేవాణ్ణి. చేరవేతలో మాట కొంచెం బరువెక్కడం సహజం.

గొడవ ఎలా మొదలైందో చెబుతాను. ఆ బంగళాలో అందరూ చెల్లెమ్మలాగా మాట్లాడేవాళ్ళు. పనిమనిషి ఒక్కతే పెద్దమ్మలాగా మాట్లాడేది. ఆమె "దొరసానీ, చాయ్ తెచ్చిన" అనగానే వెనక నుంచి డబడబమని నవ్వించే వాయిద్యమొకటి వచ్చేది. పెద్దమ్మ ఆ వాయిద్యాన్ని చాలా రోజులు ఓర్చుకుంది. ఒకనాడు సాయంత్రం ఓర్చుకోలేకపోయింది.

"ఏంది సారూ, అది గంత నవ్వులాటగ ఏమన్నదని? చాయ్ తెచ్చిన అన్నది. నేను దినాం అంటలేనా?"

"అంటున్నవు పెద్దమ్మా."

"నేనన్నప్పుడు నీకు డప్పు మోగినట్లు అయితదా?"

కాదన్నాను. ఆమె చాయ్ ఇచ్చినప్పుడు నాకు ఎప్పుడూ వీణే వినిపిస్తుందన్నాను. మామూలుగా ఇలాంటి మాటకు ఆమె నవ్వుతుంది. ఆ రోజు నవ్వలేదు.

"టీవీల ఎన్నడన్న సూడు. రౌడీ ఉంటె మా మాట. పనామె ఉంటె మా మాట. నగలేసుకున్నోళ్ళందరికి వీళ్ళ మాట. ఎవలు పంచిన్రు గిట్ల?"

చెల్లెమ్మ బెండకాయ తరుగుతూనే, తెర మీంచి చూపు తిప్పకుండా అంది: "మాటదేముందండీ పెద్దమ్మగారూ. తీసింది మాత్రం ఆవిడే. నిన్న కొంగు ఎలా సర్దుకుందో చూశారా?"

ఆ రెండు మాటలు వేరువేరు. ఒకటి భాష గురించి, ఇంకొకటి వడ్డాణం గురించి. కానీ ఆ రోజుల్లో రెండు మాటలు పక్కపక్కన పడితే చాలు, అంటుకునేవి.

"అంటే? మా మాట మాట్లాడితె దొంగేనా?"

"అయ్యో, నేనలా అన్నానా?"

"అన్నవు. సారు సాక్షి."

నేను పేపరులో మునిగిపోయాను.

"నేనన్నది ఆ మనిషి గురించండీ. పదకొండేళ్ళ నుంచి చూస్తున్నారు నన్ను, నేనట్టా అంటానా? ఏం మాటలండీ ఇవి?"

"పదకొండేండ్లు నా ఇంట్ల ఉండి, నా సాప మీద కూసొని, నా టీవీ సూసుకుంట, నన్ను దొంగంటున్నవ్!"

"మీరా దొంగ? పనిమనిషి దొంగ!"

"రెండు ఒకటే!"

కాదని చెప్పడానికి ఆ క్షణంలో ఎవరికీ తీరిక లేదు. మాట మీద మాట పెరిగి, చివరికి పెద్దమ్మ లేచి నిలబడి, "ఈ నెల నిండంగనే ఖాళీ జెయ్యి" అంది. తెర మీద ఉరుము కూడా ఆగింది.

చెల్లెమ్మ బెండకాయలన్నీ ఒక్కొక్కటే పళ్ళెంలోకి ఏరుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "అలాగేనండీ. కానీ ఆవిడే తీసిందని రేపు తేలితే?"

"తేలితెనా? తేలితె నీ ఇష్టమొచ్చినన్ని దినాలు ఉండు, నేను నోరెత్త. తేలకపోతె పెట్టె సదురుకొని పోవాలె, మల్ల మాట్లాడొద్దు."

"సరే."

"సారూ, ఇన్నవా?"

"విన్నాను" అని ఒకరికి, "ఇన్న" అని ఇంకొకరికి చెప్పాను.

అలా ఒక సంసారం ఉండాలా పోవాలా అన్నది వడ్డాణం మీద పడింది. ఆ పిల్ల పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. చెల్లెమ్మ భర్త ఊళ్ళ నుంచి వచ్చి విషయం విని, సీరియల్ కోసం ఇల్లు పోగొట్టుకున్న మొదటి మనిషివి నువ్వేనని పెళ్ళాం మీద అరిచి, కొత్తపేట, చైతన్యపురి చుట్టూ ఇళ్ళు చూడ్డానికి తిరిగాడు. వెళ్ళిన చోటల్లా గదులు ఎన్ని కావాలని అడగకముందే "మీదే ఊరు?" అని అడిగారట. ఒకాయన మర్యాదగా చాయ్ కూడా ఇచ్చి, తాగాక ఇల్లు లేదన్నాడట. ఆ చాయ్ సంగతి చెబుతున్నప్పుడు ఆయన అరవలేదు. చెప్పులు విప్పడం మర్చిపోయి అలాగే మంచం మీద కూర్చున్నాడు.

అది చూసి నాకు జాలేసింది. జాలేస్తే నాకు అబద్ధం తన్నుకొస్తుంది. ఆ సీరియల్ షూటింగ్‌లో లైట్లు పట్టే మనిషి నాకు దోస్తు అని చెప్పాను.

"నిజంగానా అన్నయ్యగారూ?"

"నిన్ననే ఫోన్ చేశాడు చెల్లెమ్మా. పనిమనిషేనట. ఆవిడ చేత ఒప్పించే సీను తీసేశారట కూడా. నువ్వు నిశ్చింతగా ఉండు."

మనిషి ముఖం వెలిగింది. ఇళ్ళు వెతకడం ఆ రోజే ఆపించేసింది. ఒక కుటుంబాన్ని ఒడ్డున పడేశానన్న తృప్తితో మెట్లు దిగాను. కింద పెద్దమ్మ మూతి ముడుచుకుని ఒక్కతే సోఫాలో కూర్చుని ఉంది. చాప చుట్టి మూలన పెట్టి ఉంది. ఆమె మీదా జాలేసింది.

"పెద్దమ్మా, షూటింగ్‌ల నా దోస్తున్నడు."

"గట్లనా! ఏమంటడు?"

"పనామె గాదంట."

"నేనన్లేదా!" అని తొడ మీద ఒక్క చరుపు చరిచి, ఆ సాయంత్రమే హయత్‌నగర్‌లో ఉండే చెల్లెలికి ఫోన్ చేసి, నెల నిండగానే సామాను తెచ్చుకొమ్మని చెప్పేసింది.

ఆ ఫోన్ మాటలు వింటూ నేను మెట్ల మీద చతికిలబడ్డాను. ఇప్పుడు వీళ్ళు ఇల్లు వెతకడం లేదు, ఆ ఇంటికి ఇంకొకరు వస్తున్నారు. లేని దోస్తు రెండు నాలుకలతో మాట్లాడాడు.

ఆ తర్వాతి రోజుల్లో రెండు అంతస్తుల్లోనూ రెండు టీవీలు ఏడున్నరకు ఒకేసారి మోగేవి. పెద్దమ్మ సౌండు ఒక గీత పెంచితే చెల్లెమ్మ రెండు గీతలు పెంచేది. డాబా మీద నాకు ప్రతి ఉరుమూ రెండుసార్లు వినిపించేది.

ఇక తేలే రోజు వచ్చింది. వారం ముందు నుంచే ప్రకటించారు. ఆ రోజు బంద్ కూడా. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. అందరూ ఇళ్ళలోనే. ఏడు ఇరవైకి నేను ఏ ఇంట్లో కూర్చోవాలో తేల్చుకోలేక మెట్ల మధ్యలో తచ్చాడుతుంటే, టప్‌మని పెద్దమ్మ ఇంట్లో కరెంటు పోయింది.

మా బిల్డింగ్‌లో ఒక్కో అంతస్తుకు ఒక్కో ఫేజు. ఒక ఫేజు పోతే ఒక ఇంట్లో చీకటి, దాని నెత్తి మీది ఇంట్లో వెలుగు. ఆ రోజు పెద్దమ్మ ఫేజు పోయింది. మా వరసలోని మిగతా ఇళ్ళన్నిటికీ ఆ ఒక్క ఫేజే కావడంతో పక్కవాళ్ళ దగ్గరికి పోదామన్నా అంతా చీకటే. పైన చెల్లెమ్మ ఇంట్లో మాత్రం ట్యూబులైటు మెరిసిపోతోంది.

పెద్దమ్మ చేతిలో కొవ్వొత్తితో మెట్ల మొదట్లోకి వచ్చింది. పైకి చూసింది. ఆ పదహారు మెట్లు ఎక్కితే సీరియల్ దొరుకుతుంది, పరువు పోతుంది.

"సారూ."

"ఆ, పెద్దమ్మా."

"నువ్వు మీదికి వోయి సూసిరా. ఉన్నదున్నట్టు చెప్పాలె. నీ నోట్ల నిజం పుట్టదని నాకెరుకే. గని ఇయ్యాల ఒక్కనాడు జర కష్టపడు."

పడతానని మాటిచ్చి పైకెళ్ళాను. తలుపు తీసే ఉంది. చెల్లెమ్మ, కూతురు మంచం అంచున కూర్చుని ఉన్నారు. పిల్ల ఒళ్ళో ఫిజిక్స్ పుస్తకం తలకిందులుగా ఉంది. ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్‌లో పద్నాలుగు నిమిషాలు ముఖాలే చూపించారు. పెద్దకోడలు కాదు. రెండో ఆవిడ కాదు. మూడో ఆవిడ స్పృహ తప్పింది. నాలుగో కోడలు నవ్వింది, ఎందుకు నవ్విందో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి అత్తగారు వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. వడ్డాణం బయటికొచ్చింది.

"నేనే దీసిన దొరసానీ!" అని పనిమనిషి కుప్పకూలింది. "బిడ్డె దవాఖానల ఉన్నది. మీరు ఇయ్యరని దీసిన."

ఈసారి డబడబ వాయిద్యం రాలేదు.

నేను ఎగిరి గంతేశాను. "చెల్లెమ్మా! ఇల్లు నిలబడింది! నా దోస్తు చెప్పలేదూ!"

చెల్లెమ్మ లేచి టీవీ కట్టేసింది. ముఖంలో సంతోషం లేదు.

"ఇంకెవరూ దొరకలేదా ఆ రాసేవాడికి? నలుగురు కోడళ్ళున్నారు. మూడో దానికి పొద్దస్తమానం నగలే పిచ్చి. దానిచేత తీయించకూడదూ?"

"అదేంటమ్మా, మొదటి నుంచీ పనిమనిషేనన్నది నువ్వే కదా!"

"అన్నాను. సీరియల్ చూస్తూ అనుకోమా ఏంటి ఏదో ఒకటి? ఆవిడ నిజంగా తీయాలనా నేనన్నది?" నా వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, పెద్దమ్మగారికి ఈ మాట చెప్పకండి."

"చెప్పకపోతే?"

"ఎవరో కోడలని చెప్పండి. ఇన్ని రోజులు ఊరంతటితో పోట్లాడింది ఆ పనావిడ కోసం. ఇప్పుడు పెద్దమ్మగారి నోటితోనే ఆ మనిషిని దొంగ అనిపించి, దాని మీద నేను ఈ ఇంట్లో కాళ్ళు చాపుకుని ఉండాలా?"

"రేపు పొద్దున కుళాయి దగ్గర తెలిసిపోతుంది కదా."

"రేపటి సంగతి రేపు. ఈ రాత్రికి అన్నం తిని పడుకోనివ్వండి ఆవిణ్ణి."

"మరి పాప పరీక్షలు?"

ఆ పిల్ల అప్పటికి పుస్తకం తిన్నగా పట్టుకుంది. వాళ్ళమ్మ అంది: "చూసుకుంటాంలెండి. హాస్టల్లో వేస్తాం."

నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. నా అబద్ధాలు నాకు నేనే పుట్టించుకున్నవి. ఒకరు అడిగి చేయించుకున్న అబద్ధం అదే మొదటిది. ఊరికే వచ్చేది ఆర్డరు మీద రమ్మంటే రావడంలేదు. మెట్టు మెట్టుకూ ఒక కోడల్ని అనుకున్నాను. కిందికి చేరేసరికి నాలుగో కోడలి దగ్గర ఖాయం చేసుకున్నాను, ఎంతైనా ఆమె నవ్వింది కదా.

పెద్దమ్మ సోఫాలో కొవ్వొత్తి ముందు కూర్చుని ఉంది. కొంచెం రొప్పుతోంది.

"చెప్పు."

"నువ్వే గెల్చినవ్ పెద్దమ్మా. పనామె గాదు. చిన్నకోడలు."

"గట్లనా. ఎట్ల దొరికింది?"

"గ్యాస్ సిలిండర్ కింద."

"సిలిండర్ కింద వడ్డాణం పట్టిందా?"

"మడతపెట్టింది."

"వజ్రాలది?"

"వజ్రాలు ఊడబీకి బెండకాయల్ల కుక్కింది. ఎవలికి అనుమానం రాకుండ."

పెద్దమ్మ కొవ్వొత్తిని నా ముఖానికి దగ్గరగా జరిపింది. "మస్తు చెప్పినవ్. గా రాసెటోని కంటె నువ్వే నయం. గని సారూ, నేను మెట్ల మలుపు దాక ఎక్కిన. మొత్తం ఇన్న."

నేను సిలిండరు కథ అక్కడికి ఆపేశాను.

"టీవీది ఇన్న. టీవీ బందైనంక గామె నీతోని అన్నది గూడ ఇన్న."

అప్పుడు చూడాలి. నాలుగేళ్ళుగా మోకాళ్ళ నొప్పులతో డాబా ముఖం చూడని పెద్దమ్మ, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, కొవ్వొత్తిని జెండాలా పట్టుకుని, దడదడమని మెట్లెక్కింది. ధర్నా టెంటు నుంచి డప్పులతో తిరిగి వస్తున్న కాలనీ కుర్రాళ్ళు ఏదో జరుగుతోందని ఆమె వెనకే ఎక్కారు. వాళ్ళ వెనక కుళాయి దగ్గరి ఆడవాళ్ళు, వాళ్ళ వెనక చాయ్ దుకాణం మగవాళ్ళు. చెల్లెమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి పెద్దమ్మ గొంతెత్తి, "ఇనున్రి! నేనోడిన! గీమె గెల్చింది! గెల్చి నాకోసం ఓడిపోదామని సూసింది! గీ ఇంట్లకెళ్ళి గీమెను ఎవలు పొమ్మంటరో నేను సూస్త!" అంది. డప్పులు మోగాయి. చెల్లెమ్మ వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే పెద్దమ్మ లేవనెత్తి గుండెలకు హత్తుకుంది. సరిగ్గా ఆ క్షణాన కింది ఫేజు వచ్చి బిల్డింగ్ మొత్తం భగ్గున వెలిగింది. అందరి కళ్ళల్లో నీళ్ళు. నా ఫ్యాను కూడా దానంతట అదే తిరిగింది.

ఇక్కడ ఆగుతాను. మొదట్లో పెద్ద ఒట్టే పెట్టాను కాబట్టి ఒప్పుకోక తప్పదు. ఈ డప్పులు, ఈ జనం, ఈ కౌగిలి, ఈ వెలుగు నేను కల్పించినవి. "మొత్తం ఇన్న" అన్న మాట దాకా అంతా నిజం. ఆ తర్వాత జరిగింది ఇంతే: పెద్దమ్మ కొవ్వొత్తి నా చేతికిచ్చి, మెట్ల రెయిలింగు పట్టుకుని, ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగుతూ పైకి వెళ్ళింది. చెల్లెమ్మ ఇంట్లోకి అడుగుపెట్టింది. తలుపు మూసుకుంది.

లోపల ఒకరితో ఒకరు ఏమన్నారో నాకు తెలియదు. అరగంట మెట్ల మీద కొవ్వొత్తి పట్టుకుని చెవులు రిక్కించాను. మైనం వేలి మీద పడింది. తర్వాత చెల్లెమ్మ గొంతు: "పోలీసులకి పట్టివ్వకుండా ఎలా ఊరుకుంటుందండీ అత్తగారు?" దాని మీద పెద్దమ్మ గొంతు ఇంకా పెద్దగా: "దవాఖానల బిడ్డె పెట్టుకొని తీసింది, పోలీసులకిస్తరా? మనుషులా?" "దొంగతనం దొంగతనమేనండీ!" "నీ తలకాయ!"

ఆ ఎపిసోడ్ అంతా అయ్యాక కూడా చెల్లెమ్మను ఉండమని పెద్దమ్మ నోటితో అనగా నేనెప్పుడూ వినలేదు. చెల్లెమ్మా అడగలేదు. నెల నిండింది. పొద్దున్నే హయత్‌నగర్ నుంచి చెల్లెలివాళ్ళు సామాను ఆటోతో గేటు ముందు దిగారు, పైన రెండు మంచాలు, ఒక బీరువా. పెద్దమ్మ వంటింట్లోంచి కదలకుండా నన్ను పిలిచింది.

"సారూ, ఇగ నీ అక్కెర పడ్డది. గేటు కాడికి వోయి ఏమన్న చెప్పు."

"ఏం చెప్పాలె పెద్దమ్మా?"

"నాకేమెరుక? నువ్వే సూసుకో. మా చెల్లెకు కోపం రావద్దు, ఇల్లు దొరకొద్దు."

పైన వంటింటి కిటికీలోంచి చెల్లెమ్మ తొంగి చూస్తోంది. నేను గేటు దాకా నడిచి, బీరువాకు కట్టిన తాళ్ళు విప్పుతున్న పెద్దమ్మ చెల్లెలికి నమస్కారం పెట్టి, "పిన్నమ్మా, ముందు మీరు గట్టిగ కూసోవాలె" అని మొదలుపెట్టాను.